తెర మీద చెరగని మాట

మనం బస్సు ఎక్కుతాం. కిటికీ పైన రాసి వుంటుంది: ‘స్త్రీలు’. చదువు రాని రోజుల్లో ఆ అక్షరాలు మనకు ఉత్త గీతలే. కండక్టరు చెబితేనే అది మన సీటని తెలిసేది. ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మాట పొద్దున వుంటుంది. రాత్రీ వుంటుంది. కండక్టరు మారినా అది మారదు.

కంప్యూటరు తెర మీద కూడా అలాంటి మాట ఒకటి రాసి పెట్టవచ్చు. ఎప్పుడూ కనబడేటట్టు, ఎవరూ చెరపలేనట్టు. ఈ పాఠం దాని గురించే.

ఇంట్లో సొంత కంప్యూటరు వుంటే ఈ అవసరం రాదు. అందరి కంప్యూటరు వేరు. గ్రంథాలయంలో వుండేది, కాలేజీలో వుండేది, గంటకు ఇంత అని డబ్బు కట్టి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చునేది, ఇవన్నీ అందరి కంప్యూటర్లే. బోరింగు దగ్గర బిందెలు మారినట్టు అక్కడ మనుషులు మారుతుంటారు. ఒకరు లేస్తారు. ఇంకొకరు కూర్చుంటారు. కుర్చీ వేడి కూడా ఆరదు.

ఇలా అనుకుందాం. ఒక అక్క, కూతురి స్కాలర్‌షిప్పు కోసం అలాంటి చోటికి వెళ్ళింది. కూతురు తన ఈమెయిల్ తెరిచింది. ఇద్దరూ కలిసి ఆధార్ దించుకున్నారు. పాసుబుక్కు ఫొటో ఎక్కించారు. ఇంతలో బస్సు టైమయింది. పిల్ల మూలనున్న ఇంటూ గుర్తు నొక్కింది. తెర ఖాళీ అయింది. పని అయిపోయిందనుకుని ఇద్దరూ పరుగెత్తారు.

పని అయిపోలేదు. ఇంటూ గుర్తు నొక్కితే తలుపు దగ్గరకు పడుతుంది, అంతే. తాళం పడదు. తరవాత కూర్చున్న మనిషి అదే ఈమెయిల్ పేజీ తెరిస్తే, చాలాసార్లు ఆ పిల్ల ఉత్తరాలే కనబడతాయి. తాళం వేయాలంటే ‘లాగౌట్’ చేయాలి. కొన్నిచోట్ల దాన్నే ‘సైన్ అవుట్’ అంటారు.

మరి దించుకున్న ఆధార్? అది ‘డౌన్‌లోడ్స్’ అనే అరలో అలాగే వుంటుంది. దానికి తాళం వుంది, నిజమే. ఆ తాళం ఏమిటో తెలుసా? పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, తరవాత పుట్టిన సంవత్సరం. ఊళ్ళో మన పేరు తెలియనిది ఎవరికి? మన వయసు సుమారుగా తెలిస్తే చాలు, నాలుగైదు సార్లు ప్రయత్నిస్తే తెరుచుకుంటుంది. ఆధార్ ఇచ్చే సంస్థ కూడా ఈ మాట చెప్పింది. అందరి కంప్యూటర్లో ఆధార్ దించుకోకండి, తప్పనిసరై దించుకుంటే ఒక్క కాపీ కూడా మిగలకుండా చెరిపేయండి అని. మంచి మాటే. కానీ ఆ మాట కావలసింది కుర్చీలోంచి లేచే నిమిషంలో. ఆ నిమిషంలో అది మన కళ్ళముందు వుండాలి కదా!

ఎలా వుంచాలి? సంఘంలో చదువు నేర్చుకున్న ఒక పిన్ని, గ్రంథాలయంలో కంప్యూటర్లు చూసే అమ్మాయి ఇలా మాట్లాడుకుంటున్నారు అనుకోండి.

“తెర వెనకాల బొమ్మ వుంటుంది కదమ్మా, కొండలూ పచ్చికా. దాని మీద రాసేస్తే పోలా?”

“రాయొచ్చు పిన్నీ. దాన్ని వాల్‌పేపర్ అంటాం. పైసా ఖర్చు లేదు. కాకపోతే ఏదైనా పేజీ తెరవగానే అది వెనక్కు పోతుంది. గోడ మీద రాసి, దాని ముందు బీరువా పెట్టినట్టు.”

“మరెట్లా?”

“కంప్యూటరు లోపలికి పోయే ముందే ఒక నోటీసు వచ్చేటట్టు పెట్టొచ్చు. విండోస్‌లో ఆ ఏర్పాటు వుంది. ‘ఓకే’ నొక్కితేనే లోపలికి పోనిస్తుంది.”

“చదివి నొక్కుతారంటావా?”

“చదవకుండానే నొక్కుతారు పిన్నీ!” అమ్మాయి నవ్వింది. “పైగా అది వచ్చేటప్పుడు కనబడేది. మనకు కావలసింది పోయేటప్పుడు.”

“అయితే చీర అంచులాగా తెరకు ఒక అంచు వుండాలి. ఏం తెరిచినా ఆ అంచు కనబడాలి.”

పిన్ని చెప్పిందే మూడో పద్ధతి. చిన్న ప్రోగ్రాం ఒకటి విడిగా పెడితే తెర అంచున ఒక పట్టీ వస్తుంది. ఈ పట్టీ రెండు రకాలు. ఒకటి మిగతా పేజీల మీద కప్పుకుని వుంటుంది. ఇది మంచిది కాదు. పట్టీ కింద ఏ బటన్ పడితే ఆ బటన్ కనబడదు. ఈమెయిల్లో లాగౌట్ ఎక్కువగా పైన కుడి మూలన వుంటుంది. లాగౌట్ చేయమని చెప్పే పట్టీయే లాగౌట్‌ను దాచేస్తే ఎట్లా? రెండో రకం పట్టీ తన చోటు తాను వేరుగా తీసుకుంటుంది. పేజీలే కాస్త కుదించుకుంటాయి. ఇదే మేలు. అదీ తెర కింది అంచున వుంటే ఇంకా మేలు.

“ఎవరైనా ఆ పట్టీ తీసేస్తే?” అని పిన్ని అడిగింది. అడగవలసిన ప్రశ్నే. దీనికి కంప్యూటర్లో రెండు ఖాతాలు పెట్టాలి. ఒకటి పెద్ద ఖాతా. దాని పాస్‌వర్డు నడిపేవాళ్ళ దగ్గరే వుండాలి. వచ్చినవాళ్ళకు ఇచ్చేది మామూలు ఖాతా. పట్టీని పెద్ద ఖాతా నుంచి పెడితే, మామూలు ఖాతాలో కూర్చున్నవాళ్ళు దాన్ని తీయలేనట్టు కట్టడి చేయవచ్చు. అందరికీ పెద్ద ఖాతాయే తెరిచి ఇచ్చే చోట పట్టీ నాలుగు రోజులు కూడా నిలవదు.

ఇంకో చిక్కు. వెనకటి లావు తెరల మీద ఒకే మాట నెలల తరబడి ఒకేచోట వుంటే ఆ మచ్చ పడిపోయేది. తెర ఆర్పినా అక్షరాలు లీలగా కనబడేవి. స్క్రీన్ సేవర్ అనే కదిలే బొమ్మలు ఆ మచ్చ పడకుండా వుండడానికే వచ్చాయి. ఇప్పటి పలచని తెరల్లో ఈ బాధ తక్కువ. అయినా రాత్రి తెర ఆర్పేయడం మంచిది. కరెంటూ మిగులుతుంది.

ఇక ఏం రాయాలి? ఇది చూడండి:

‘వినియోగదారులు తమ ఖాతాల నుండి విధిగా నిష్క్రమించవలసినదిగా కోరడమైనది.’

ఇది ఎవరికి తెలుస్తుంది? రాసినవారికి తెలిస్తే గొప్ప. ఇప్పుడు ఇది చదవండి:

‘లేచే ముందు లాగౌట్ చేయండి. దించుకున్న కాగితాలు చెరిపేయండి. చెత్తబుట్ట కూడా ఖాళీ చేయండి.’

చెత్తబుట్ట ఎందుకంటే, చెరిపిన కాగితం ముందు అందులో పడుతుంది. దాన్ని ఖాళీ చేయకపోతే ఎవరైనా వెనక్కు తీసుకోవచ్చు. పట్టీ రాసేవాళ్ళు ముందుగా మనలాంటివాళ్ళ చేత చదివించుకోవాలి. కొత్తగా చదువు నేర్చినవాళ్ళు ఆగకుండా చదవగలిగితే, ఆ మాట అందరికీ పనికొచ్చినట్టే. ‘కంప్యూటరుకు తెలుగు రాదు’ అని ఎవరైనా అంటే నమ్మకండి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే తెలుగు అక్షరాలు వున్నాయి. తరవాత వచ్చినవాటిలోనూ వున్నాయి.

మీసేవ కేంద్రాల సంగతి వేరు. అక్కడ తెర మన వైపు తిరిగి వుండదు, పనిచేసే మనిషి వైపు వుంటుంది. తెర మీద ఎంత మంచి మాట రాసినా మనకు కనబడదు. అక్కడ గోడ మీద బోర్డు చూడాలి, ఏ పనికి ఎంత రుసుమో చదువుకోవాలి. డబ్బు కడితే రసీదు అడిగి తీసుకోవాలి.

ఒక్క విషయంలో జాగ్రత్త. తెర మీద కదలకుండా నిలిచిన మాటలన్నీ మంచివి కావు. ఒక్కోసారి ఎర్రగా తెర నిండా వస్తుంది: ‘మీ కంప్యూటరుకు వైరస్ పట్టింది. వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి.’ మూసినా పోదు. కుయ్యికుయ్యిమని మోత కూడా వస్తుంది. అది దొంగల పని. ఫోను చేస్తే డబ్బు అడుగుతారు, ఓటీపీ అడుగుతారు. చేయకండి. అక్కడి మనిషిని పిలవండి. ఎవరూ లేకపోతే స్విచ్ ఆపేయండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే, డబ్బు ముందుకు పోకుండా ఆపే వీలు అంత ఎక్కువ.

చదవండి, రాయండి:
తెర – పట్టీ – ఖాతా – లాగౌట్ – చెత్తబుట్ట – రసీదు

మాట్లాడుకోండి:
మీ ఊళ్ళో అందరూ వాడే కంప్యూటరు ఎక్కడ వుంది? దాని తెర మీద ఏం రాసి వుంది? అక్కడికి వెళ్ళిన ఒకరిని చూసి రమ్మనండి.
ఇంటూ గుర్తుకూ లాగౌట్‌కూ తేడా ఏమిటి? పక్కనున్న అక్కకు చెప్పండి.
ఆ తెర కోసం రెండు వరుసల్లో ఒక మాట రాయండి. రాశాక మీ గుంపులో అందరికంటే ఆఖరున చేరిన ఆమెకు ఇచ్చి చదవమనండి. ఆమె ఎక్కడ ఆగితే అక్కడి మాట మార్చండి.