మెరైన్ ప్లైవుడ్డు - చెదలు

శ్రీరాంపూర్‌లో వానకాలమున గోడ మూల నుండి సన్నని మట్టి గొట్టమొకటి పైకి ప్రాకును. అది చెదల రాచబాట. పుస్తకాల అలమార మెరైన్ ప్లైవుడ్‌తో చేయిస్తే భయము లేదని పలువురి నమ్మకము. ఆ పేరు చెప్పేది నీటి సంగతి. ఐ.ఎస్. 710 ప్రమాణము ప్రకారము 72 గంటలు మరిగే నీటిలో ఉంచినా పొరలు విడరాదు. అది ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు బలము. చెదకు కావలసినది జిగురు కాదు, కర్రలోని సెల్యులోజ్. కాగితమూ అదే గనుక ఉర్దూ, తెలుగు భేదము దానికి లేదు! చెదను ఆపేది కర్రకు పట్టించిన రక్షక రసాయనము. ఆ ప్రమాణము దానినీ విధించినది. అయితే వడ్రంగి కొలతకు కోసినచోట రసాయనము చాలినంతగా ఇంకని కర్ర బయటపడవచ్చును. అందుచేత కోసిన అంచులకు చెదమందు పూయించి, అలమారను గోడకు ఆనించక నిలుపవలెను. ఆదిలాబాదు టేకు చేవకు ఈ రక్షణ సహజము. దాని పైనుండే తెల్లకర్రకు మాత్రము లేదు.