భూమి కొనుటకు ముందు: ఏజెన్సీ సరిహద్దున తెలిసికొనవలసిన సంగతులు

కొంత సొమ్ము కూడబెట్టినవాడు దానిని భూమిపై పెట్టదలచుట మన గ్రామములలో తరతరాలుగా వచ్చుచున్న అలవాటు. బంగారమును దొంగ ఎత్తుకొనిపోవచ్చునుగాని భూమిని ఎవడును మోసికొనిపోలేడని పెద్దలందురు. ఖమ్మం మైదానము దాటి భద్రాచలము అడవుల అంచున అడుగిడువారు మాత్రము, ధర యెంత అని విచారించుటకు ముందే మరొక ప్రశ్న వేసికొనవలెను. ఈ భూమిని నేను చట్టరీత్యా కొనవచ్చునా అనునదే ఆ ప్రశ్న. క్రొత్తగా భూమిపై సొమ్ము పెట్టువారు సలహాకై మొదట వచ్చునది పంచాయతీ సభ్యుల యొద్దకే. కావున ఈ విషయమును వివరముగా మనవి చేయుచున్నాము.

సరిహద్దు ఎక్కడ?

రాజ్యాంగము ఐదవ షెడ్యూలు క్రింద 1950లో రాష్ట్రపతి ఉత్తరువుల ద్వారా ప్రకటింపబడిన ప్రాంతములనే మనము వాడుకలో ఏజెన్సీ అందుము. ఖమ్మం పట్టణము ఇందులో చేరదు, భద్రాచలము చేరును. నడుమనున్న మండలములలో కొన్ని గ్రామములు చేరినవి, కొన్ని చేరలేదు. ఒకే రోడ్డుకు ఒక ప్రక్క చేను ఏజెన్సీలోను, మరియొక ప్రక్క చేను వెలుపలను ఉండవచ్చును. కావున మండలము పేరు విని తృప్తిపడక, రెవిన్యూ గ్రామము పేరు జాబితాలో కలదా లేదా అని చూడవలెను.

ఇంకొక సంగతి కూడ గమనింపదగినది. 2014లో పోలవరము ముంపు కారణముగా భద్రాచలము పట్టణము చుట్టునున్న అనేక గ్రామములు ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. పట్టణమునకు కూతవేటు దూరములోనున్న భూమికి రికార్డులు పొరుగు రాష్ట్రపు కార్యాలయములో ఉండవచ్చును. అయినను రెండు వైపులను వర్తించు భూబదలాయింపు నిబంధన ఒక్కటే.

చట్టము ఏమి చెప్పుచున్నది?

గోదావరికి ఉత్తరపు ఒడ్డున, మద్రాసు ప్రభుత్వపు కాలములోనే 1917లో ఏజెన్సీ భూముల బదలాయింపును అదుపుచేయు చట్టము వచ్చినది. వడ్డీ వ్యాపారికి అప్పుపడి గిరిజనుడు పొలము పోగొట్టుకొనుచుండుటయే దానికి కారణము. తరువాత 1959లో ఒకటవ నిబంధన వచ్చినది. 1963లో దానిని తెలంగాణ ప్రాంతమునకు విస్తరింపజేసిరి. అందులో అతి ముఖ్యమైన సవరణ 1970లో జరిగినది. ఆ సవరణ ప్రకారము ఏజెన్సీలోని స్థిరాస్తిని గిరిజనేతరునకు ఎవరు అమ్మినను అది చెల్లదు. అమ్మినవాడు గిరిజనేతరుడైనను ఇదే నియమము. అమ్మకమేగాక, తాకట్టు, కౌలు, దానము, మార్పిడి, వీటికై వ్రాసికొను ఒప్పందము సైతము బదలాయింపు క్రిందికే వచ్చును. ఏజెన్సీలో గిరిజనేతరుని స్వాధీనమందున్న భూమి గిరిజనుని నుండి వచ్చినదేయని చట్టము భావించును. కాదని ఋజువు చేయవలసిన భారము ఆ స్వాధీనదారునిదే. ఈ నిబంధన రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 1988లో తీర్పు చెప్పినది.

వారసత్వముగా వచ్చు ఆస్తికిని, కుటుంబములోని పంపకమునకును ఈ నిషేధము లేదు. గిరిజనునకు గాని, గిరిజనులు మాత్రమే సభ్యులుగా గల సహకార సంఘమునకు గాని అమ్మవచ్చును. గిరిజనులెవరును కొనుటకు ముందుకు రానప్పుడు, అమ్మదలచినవాడు భూమిని ప్రభుత్వమునకు అప్పగించి పరిహారము పొందు మార్గము కూడ చట్టములోనే కలదు.

తెల్లకాగితముపై పోయిన సొమ్ము

ఒక ఉదాహరణము తీసికొందము. ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దమనిషికి 10 లక్షల రూపాయలు చేతికి వచ్చినవనుకొందము. భద్రాచలము రోడ్డు ప్రక్క ఇండ్ల స్థలము చవుకగా వచ్చుచున్నదని మధ్యవర్తి చెప్పును. రిజిస్ట్రేషను కాదు గాని నోటరీ వేయించిన తెల్లకాగితము చాలును, అందరును ఇట్లే కొనుచున్నారని నమ్మించును. పెద్దమనిషి సొమ్ము చెల్లించును. ఆ కాగితముపై ఆయనకు హక్కు రాదు, బ్యాంకు అప్పు ఇయ్యదు, రేపు అమ్మబోయినను కొనువానికిని చట్టము అడ్డువచ్చును. విచారణ జరిగినచో భూమినుండి తొలగింపబడును. గిరిజనుని పేరున బినామీగా కొన్నను ఫలితమిదే. అది అంతటితో ఆగదు. మధ్యవర్తికి కొద్ది మొత్తమునకు పొలము వదలిన కోయ కుటుంబము తన చేనిలోనే కూలికి పోవలసివచ్చును. చవుక బేరము ఇరువురిని ముంచినది. మిగులుబాటు మధ్యవర్తికి మాత్రమే.

వెలుపల కొనువారికి క్రమము

ఏజెన్సీ వెలుపల కొనువారు ఈ క్రమమును పాటింపవలెను. మొదట భూమి ఏ తరగతికి చెందినదో తెలిసికొనవలెను. ప్రభుత్వము పేదలకిచ్చిన అసైన్డు భూమి 1977 చట్టము ప్రకారము అమ్మకమునకు తగదు. 2006 అటవీ హక్కుల చట్టము క్రింద పట్టా పొందిన పోడు భూమి వారసులకు సంక్రమించునే గాని అన్యులకు అమ్మబడదు. చెరువు శిఖము, దేవస్థానపు మాన్యము సరేసరి.

రెండవది, పట్టాదారు పాసుపుస్తకము, పహాణీ, ఈ.సీ. అని వాడుకలోనున్న ఋణభార పత్రము ఒకదానితో ఒకటి సరిచూడవలెను. తెలంగాణలో 2025 నుండి ధరణి స్థానమున భూభారతి చట్టము అమలులోనికి వచ్చినది. మూడవది, సర్వేయరుచే హద్దులు కొలిపించి, ఇరుగుపొరుగు రైతులను విచారింపవలెను. నాలుగవది, ప్లాటు అయినచో లేఅవుటుకు అనుమతి కలదా, రోడ్లును ఖాళీ స్థలమును పంచాయతీకి అప్పగించిరా అని పంచాయతీ కార్యాలయములోనే చూడవలెను.

చివరిది సొమ్ము సంగతి. భూమి కావలసిన దినమున అమ్ముడుపోవు సరకు కాదు. వైద్యమునకు, పిల్లల చదువుకు ఉంచుకొన్న సొమ్మును గాని, అధిక వడ్డీకి తెచ్చిన అప్పును గాని దానిపై పెట్టుట శ్రేయస్కరము కాదు.

సభ్యుల బాధ్యత

1996లో వచ్చిన పెసా చట్టము, షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనుల భూమి అన్యాక్రాంతము కాకుండ ఆపుటకును, అక్రమముగా పోయినదానిని తిరిగి ఇప్పించుటకును గ్రామసభకు, పంచాయతీలకు అధికారము కల్పింపవలెనని చెప్పుచున్నది. కావున సభ్యులు మూడు పనులు చేయవలెనని మా మనవి. తమ పరిధిలోని షెడ్యూల్డు గ్రామముల పేర్లు పంచాయతీ గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను. తెల్లకాగితపు ఒప్పందములకు సాక్షి సంతకము చేయరాదు. అనుమానము కలిగిన బేరమును గిరిజన సంక్షేమ ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు దృష్టికి గాని, భద్రాచలములోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ దృష్టికి గాని తీసికొనిపోవలెను.

బయానా చెల్లింపకముందు సభ్యుడు చెప్పు ఒక్క మాట, తరువాత పదేండ్లు కచేరీల చుట్టు తిరుగు శ్రమను తప్పించును. కొనదలచినవాని కష్టార్జితమును, సాగుచేయువాని పొలమును ఒకేసారి కాపాడు అవకాశము ఆ సభ్యుని చేతిలో కలదు.