గాజులు గూట్లో, చేతులు పనిలో

ఆదివారం సాయంత్రం. సుల్తాన్ బజార్ కిటకిటలాడుతోంది. చీరల దుకాణాలు, గాజుల దుకాణాలు, తోపుడు బళ్ళు. కాలు పెట్టే చోటు లేదు.

ఒక గాజుల దుకాణం ముందు అత్తా కోడళ్ళు నిలబడ్డారు. వాళ్ళది అశోక్ నగర్ వైపు ఒక బస్తీ. అత్తమ్మ బేరం చేసింది. రెండు డజన్ల మట్టి గాజులు ఏరింది.

"చెయ్యి ఇటియ్యి" అన్నది కోడలితో.

కోడలు చెయ్యి చాచలేదు.

"వద్దు అత్తమ్మా. రేపటి నుంచి లేతు మిషన్ పని నేర్చుకుంటున్న. గాజులతోని ఆ మిషన్ ముందు నిలబడొద్దని ఉస్తాద్ చెప్పిండు."

"ముత్తైదువ చేతులు బోసిగ ఉంటయా?" అని అత్తమ్మ కోప్పడింది. గాజులు కొనకుండానే బయలుదేరింది. నారాయణగూడ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. చిక్కడపల్లి వచ్చాక మెల్లగా అన్నది.

"నా కొడుకు రెండు వేళ్ళు ఆ మిషన్ కే పోయినయి. గాజులు వేసుకుంటే నువ్వు దాని దగ్గరికి పోవు అనుకున్న."

కోడలు అత్తమ్మ చెయ్యి పట్టుకుంది.

"రేపు మీరు గూడ షాపుకు రండి. అదేందో ఇద్దరం చూద్దాం" అన్నది.

లేతు మిషన్ అంటే ఏమిటి?

చిక్కడపల్లికి దగ్గరలోనే ఆజామాబాద్ పారిశ్రామిక ప్రాంతం ఉంది. అటువైపే ఒక చిన్న లేతు షాపు. పొద్దున్నే అత్తాకోడళ్ళు అక్కడికి వెళ్ళారు.

ఉస్తాద్ ముందుగా మెయిన్ స్విచ్ ఆపాడు. తరువాతే మిషన్ చూపించాడు.

కుమ్మరి సారె అందరికీ తెలుసు. సారె తిరుగుతుంది. కుమ్మరి చేతితో మట్టికి రూపం ఇస్తాడు. లేతు కూడా అలాంటిదే. సారె నేల మీద పడుకుని తిరుగుతుంది. లేతు అడ్డంగా తిరుగుతుంది. సారె మీద మట్టి ఉంటుంది. లేతు మీద ఇనుము, ఇత్తడి, ఉక్కు ఉంటాయి. ఇనుముకు రూపం ఇవ్వడానికి చెయ్యి చాలదు. అందుకు పదునైన టూల్ కావాలి.

ఏటికొప్పాక లక్క బొమ్మలు చూశారా? అవి కూడా ఇలా తిప్పి చేసినవే. అక్కడ కర్రను తిప్పుతారు. ఇక్కడ లోహాన్ని తిప్పుతారు.

లేతును ఉర్దూలో ఖరాద్ అంటారు. దానిలోని ముఖ్యమైన భాగాలు ఇవి.

చక్: ఎడమ పక్కన ఉండే గుండ్రటి పట్టు. పని చేయవలసిన ముక్కను ఇది దవడలతో గట్టిగా పట్టుకుని తిప్పుతుంది. ఆ ముక్కను జాబ్ అంటారు.

చక్ కీ: చక్ ను బిగించే, వదులు చేసే తాళం చెవి.

టూల్ పోస్ట్: కోసే టూల్ ను పట్టుకునేది.

క్యారేజి: టూల్ ను అటూ ఇటూ నడిపేది.

టెయిల్ స్టాక్: కుడి పక్కన ఉండేది. పొడవాటి జాబ్ కు రెండో కొస దగ్గర ఆనిక ఇస్తుంది.

బెడ్: వీటన్నిటినీ మోసే బరువైన పీట.

బోల్టు, పుల్లీ, ఇరుసు, పంపు షాఫ్టు. ఇలాంటివి ఎన్నో లేతు మీద తయారవుతాయి. ఈ పని హైదరాబాదుకు కొత్త కాదు. అశోక్ నగర్ పక్కనే కవాడిగూడ. అక్కడ 1943లో ప్రాగా టూల్స్ అనే కంపెనీ మొదలైంది. మిషన్లను తయారు చేసే మిషన్లు అక్కడ తయారయ్యేవి.

సెకనులో మూడు మూరలు

ఉస్తాద్ చక్ లో ఒక కడ్డీ బిగించాడు. దాని మందం 5 సెంటీమీటర్లు. కడ్డీకి ఒక దారం కొస అంటించాడు. మెయిన్ స్విచ్ ఆపే ఉంది. చక్ ను చేత్తో మెల్లగా తిప్పాడు. ఒకటి, రెండు, మూడు. మూడు చుట్లు అయ్యేసరికి మూరెడు దారం చుట్టుకుంది.

"ఈ మిషన్ నిమిషానికి 600 చుట్లు తిరుగుతది. సెకనుకు ఎన్ని?" అని అడిగాడు.

కోడలు వేళ్ళ మీద లెక్క వేసింది. నిమిషానికి 60 సెకనులు. 600ను 60తో భాగిస్తే 10.

"పది చుట్లు."

"అంటే సెకనులో మూడు మూరల పైన చుట్టుకుంటది. అది దారమైనా అంతే. కొంగైనా అంతే. జడైనా అంతే."

అత్తమ్మ తన కొంగు దగ్గరికి తీసుకుని బొడ్లో దోపుకుంది.

మనిషి కన్ను మూసి తెరిచేలోపు ఆ కడ్డీ మూడు చుట్లు తిరుగుతుంది. "నేను చెయ్యి వెనక్కి తీసుకోగలను" అనుకోవడం ఉత్త మాట. మనిషి కన్నా మిషన్ వేగం ఎక్కువ. అందుకే జాగ్రత్త అంతా స్విచ్ వేయక ముందే తీసుకోవాలి.

ఒంటి మీద ఏమి ఉండకూడదు?

గాజులు, ఉంగరాలు, గడియారం ఉండకూడదు. మట్టి గాజు పగిలి చెయ్యి కోస్తుంది. లోహపు గాజు పగలదు. చేతినే లాగుతుంది.

మెడలో గొలుసు, పుస్తెల తాడు ఉండకూడదు. "రవికె లోపలికి దోపుకుంటే చాలదా?" అని అత్తమ్మ అడిగింది. "చాలదమ్మా. పని చేసేటప్పుడు వంగుతరు. వంగినప్పుడు అది బయటికి జారుతది" అని ఉస్తాద్ చెప్పాడు.

జడ వేలాడకూడదు. జుట్టు ముడి వేసుకోవాలి. ముడి మీద టోపీ గానీ, కొసలు వేలాడకుండా బిగించి కట్టిన గుడ్డ గానీ ఉండాలి.

చీర కొంగు, చున్నీ ఉండకూడదు. ఒంటికి పట్టిన బట్టలు వేసుకోవాలి. చేతులు పొట్టిగా ఉండాలి. లేదా మణికట్టు దగ్గర బిగువుగా ఉండాలి.

చేతి తొడుగులు ఉండకూడదు. ఇది చాలా మందికి తెలియదు. ఈ అత్తమ్మ కొడుకు కూడా అలాగే నష్టపోయాడు. ఇనుప పొట్టు కోస్తుందని అతను తొడుగులు వేసుకునేవాడు. ఒకరోజు తొడుగు కొస తిరిగే జాబ్ కు తగిలింది. తొడుగుతో పాటు వేళ్ళూ పోయాయి. ఉత్త చేతికి జాబ్ తగిలితే గాయం కావచ్చు. తొడుగు తగిలితే చెయ్యే లోపలికి పోతుంది.

మరి ఏమి ఉండాలి? కళ్ళకు రక్షణ అద్దాలు ఉండాలి. మామూలు కళ్ళజోడు చాలదు. వేడి ఇనుప తునకలు పక్కల నుంచి కూడా ఎగిరి వస్తాయి. కాళ్ళకు మూసి ఉన్న బూట్లు ఉండాలి. చెప్పులు పనికిరావు.

ఇది చదువు లేని వాళ్ళకే జరుగుతుందని అనుకోవద్దు. అమెరికాలో యేల్ అనే పేరుమోసిన విశ్వవిద్యాలయం ఉంది. 2011 ఏప్రిల్ లో అక్కడ 22 ఏళ్ళ విద్యార్థిని ఒకామె రాత్రి పూట ఒంటరిగా లేతు మీద పని చేస్తోంది. ఆమె జుట్టు మిషన్ లో చిక్కుకుంది. స్విచ్ ఆపడానికి పక్కన ఎవరూ లేరు. ఆమె చనిపోయింది. ఎంత చదివినా మిషన్ కు తేడా లేదు.

జాగ్రత్త పడితే ఆడవాళ్ళు ఈ పని బాగా చేయగలరు. 1939 నుంచి 1945 వరకు రెండో ప్రపంచ యుద్ధం జరిగింది. మగవాళ్ళు యుద్ధానికి వెళ్ళారు. ఇంగ్లండులో, అమెరికాలో ఆడవాళ్ళు ఫ్యాక్టరీలలో లేతులు నడిపారు. అప్పుడు అమెరికాలో వెరోనికా లేక్ అనే సినిమా తార ఉండేది. ఆమె జుట్టు ఒక కంటి మీద పడేది. చాలా మంది ఆమెలాగే జుట్టు వదిలేసేవారు. మిషన్ల దగ్గర అది ప్రమాదమని, జుట్టు పైకి కట్టుకోమని ప్రభుత్వం ఆమెను కోరింది. ఆమె కట్టుకుంది. సినిమా తారే జుట్టు కట్టుకుంది. ఇంక మనకు నామోషీ ఏముంది?

స్విచ్ వేసే ముందు

షాపు గోడ మీద తెలుగులో ఒక బోర్డు ఉంది. ఉస్తాద్ కోడలిని చదవమన్నాడు. ఆమె కూడబలుక్కుని పైకి చదివింది. అత్తమ్మ వింటూ నిలబడింది.

"ఒకటి. చక్ కీ తీశావా?

రెండు. జాబ్ గట్టిగా బిగించావా?

మూడు. చక్ ను చేత్తో ఒక చుట్టు తిప్పి చూశావా?

నాలుగు. ఆపే బటన్ ఎక్కడుందో తెలుసా?"

చక్ కీని చక్ లో వదిలేసి స్విచ్ వేస్తే అది రాయిలా ఎగిరి వస్తుంది. తలకు తగిలితే ప్రాణం పోవచ్చు. దీనికి ఒకటే అలవాటు. కీ చక్ లో ఉన్నంత సేపు చెయ్యి కీ మీదే ఉండాలి. చెయ్యి తీయాలంటే కీ కూడా తీయాలి.

జాబ్ చక్ బయటికి ఎక్కువ పొడవు ఉండకూడదు. మందానికి మూడింతలు దాటితే టెయిల్ స్టాక్ ఆనిక పెట్టాలి. లేకపోతే జాబ్ వంగుతుంది. ఊడి ఎగరవచ్చు.

చక్ ను చేత్తో ఎందుకు తిప్పాలి? దవడలు టూల్ కు గానీ, క్యారేజికి గానీ తగులుతాయేమో ముందే తెలుస్తుంది. చేత్తో తిప్పేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపి ఉండాలి.

స్విచ్ వేసేటప్పుడు చక్ కు ఎదురుగా నిలబడకూడదు. కొంచెం పక్కకు నిలబడాలి. కొత్తవాళ్ళు తక్కువ వేగంతో మొదలు పెట్టాలి. కొద్దికొద్దిగా కోయాలి.

మిషన్ తిరుగుతున్నప్పుడు

కోసేటప్పుడు ఇనుము చుట్టలు చుట్టలుగా వస్తుంది. పెన్సిల్ చెక్కితే వచ్చే పొట్టులా ఉంటుంది. దీన్ని షాపుల్లో చిప్స్ అంటారు. చూడడానికి అందంగా ఉంటుంది. కానీ అది బ్లేడు లాంటిది. పైగా కాలుతూ ఉంటుంది. దాన్ని చేత్తో లాగకూడదు. మిషన్ ఆపి, కొక్కెంతో గానీ బ్రష్ తో గానీ తీయాలి.

మిషన్ తిరుగుతుండగా కొలత తీయకూడదు. గేరు మార్చకూడదు. గుడ్డతో తుడవకూడదు. గరుకు కాగితం చేత్తో పట్టి రుద్దకూడదు.

స్విచ్ ఆపిన తరువాత కూడా చక్ కొంతసేపు తిరుగుతుంది. దాన్ని అరచేత్తో ఆపకూడదు. దానంతట అదే ఆగాలి.

తిరిగే మిషన్ ను వదిలి పక్కకు పోకూడదు. నిద్ర లేనప్పుడు, తల తిరుగుతున్నప్పుడు, మత్తు కలిగించే మందు వేసుకున్నప్పుడు పని చేయకూడదు. ఒంటరిగా పని చేయకూడదు.

ప్రమాదం జరిగితే

మొదట కరెంటు ఆపాలి. మనిషిని పట్టి లాగకూడదు.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. చెయ్యి పైకెత్తి ఉంచాలి. పసుపు, కాఫీ పొడి, సున్నం పెట్టకూడదు.

వేలు తెగిపోతే దాన్ని పారేయకూడదు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టాలి. ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టాలి. ఆ సంచిని ఐసు ముక్కల మీద పెట్టాలి. వేలిని ఐసుకు నేరుగా తాకించకూడదు. త్వరగా వెళితే కొన్నిసార్లు డాక్టర్లు వేలు అతికించగలరు.

కంట్లో ఇనుప తునక పడితే నలపకూడదు. గుచ్చుకున్న తునకను ఇంట్లో తీయకూడదు. వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్ళాలి. మెహదీపట్నం దగ్గర సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వానిది. అంబులెన్సు కోసం 108కి ఫోను చేయాలి.

అడగడం తప్పు కాదు

జాగ్రత్త పని చేసే వాళ్ళ మీదే లేదు. పని ఇచ్చే వాళ్ళ మీద కూడా ఉంది. 1948లో మన దేశంలో ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. మిషన్లలో ప్రమాదకరమైన భాగాలకు కంచె ఉండాలని అందులో రాశారు. అందుకే చక్ మీద మూత ఉందా, ఆపే బటన్ పని చేస్తుందా, రక్షణ అద్దాలు ఇస్తారా అని అడగాలి. పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పని చేసే చోట ఈఎస్ఐ కార్డు గురించి అడగాలి.

ఈ పనిని పద్ధతిగా నేర్చుకోవాలంటే ఐటీఐలలో టర్నర్ కోర్సు ఉంది. అది రెండేళ్ళు. దానికి పదో తరగతి పాసు కావాలి. బడి మానేసిన వాళ్ళు సార్వత్రిక పాఠశాల ద్వారా పదో తరగతి రాయవచ్చు. అక్షరాలు నేర్చుకున్న చోటనే ఆగనవసరం లేదు.

సాయంత్రం

ఆరోజు కోడలు మిషన్ నడపలేదు. చక్ కీ పెట్టడం, తీయడం. అంతే. ఇరవై సార్లు చేసింది.

ఇంటికి వచ్చాక అత్తమ్మ ఒక చిన్న స్టీలు డబ్బా కడిగింది. దేవుడి గూట్లో పెట్టింది.

"పొద్దున పోయేటప్పుడు పుస్తెలు, గాజులు ఇందులో పెట్టు బిడ్డా. వచ్చినంక వేసుకో. చేతులు చల్లగుంటే గాజులకేం కరువు?" అన్నది.

వచ్చే ఆదివారం ఇద్దరూ మళ్ళీ సుల్తాన్ బజార్ వెళ్ళారు. ఆ రెండు డజన్ల గాజులు కొన్నారు. ఒంటికి పట్టే ఒక జాకెట్టు గుడ్డ కూడా కొన్నారు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. అత్తమ్మ కోడలిని గాజులు వేసుకోమని ఎందుకు పట్టుబట్టింది?

2. లేతు మిషన్ దగ్గర చేతి తొడుగులు ఎందుకు వేసుకోకూడదు?

3. మిషన్ నిమిషానికి 300 చుట్లు తిరిగితే సెకనుకు ఎన్ని చుట్లు?

4. మీ ఇంట్లో గానీ, మీరు పని చేసే చోట గానీ తిరిగే మిషన్లు ఏమున్నాయి? పిండి గిర్నీ, గ్రైండరు, కుట్టు మిషన్ మోటారు. వాటి దగ్గర ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? నాలుగు వాక్యాలు రాయండి.