రాత్రిపూట వీధిలో అల్లరి చేసేవాళ్లకి టార్చ్ లైట్ విరుగుడేనా? కొనేముందు, వాడేముందు తెలుసుకోవాల్సినవి

ఫోన్లు, ఇయర్‌బడ్స్, స్మార్ట్‌వాచ్‌ల గురించి మనం రోజూ మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈసారి యాప్ లేని, బ్లూటూత్ లేని, చాలావరకు ఒకే ఒక్క బటన్ ఉండే గ్యాడ్జెట్ గురించి చూద్దాం. అదే టార్చ్ లైట్. ఊళ్లలో పెద్దవాళ్లు దీన్నే బ్యాటరీ లైటు అంటారు. అర్ధరాత్రి కరెంటు వచ్చినప్పుడు పొలానికి వెళ్లి మోటార్ వేయాలంటే చేతిలో ఇది ఉండాల్సిందే.

ఇప్పుడు దీని గురించి ఎందుకంటే, పోయిన వేసవిలో మా కాలనీలో ఒక తలనొప్పి మొదలైంది. రాత్రి ఒంటిగంట దాటాక బైకుల్లోంచి పెట్రోల్ లాగేయడం, సీట్లు బ్లేడుతో కోయడం, ఖాళీ ప్లాట్‌లో సీసాలు పగలగొట్టడం. పొద్దున్నే అదే దారిలో స్కూల్ పిల్లలు నడవాలి. సీసీ కెమెరా ఉంది గానీ, ఫుటేజీలో కనిపించేది మూడు నీడలు, ఒక బైకు. కెమెరా జరిగింది చూపిస్తుంది, జరుగుతున్నదాన్ని ఆపదు. ఆపడానికి లైటు పనికొస్తుందేమో చూద్దామని నాలుగు రకాల టార్చ్‌లు తెచ్చి, దాదాపు మూడు నెలలు మా మేడ మీద నుంచి వాడి చూశాను. నేర్చుకున్నదంతా ఒక పాఠంలా ఇక్కడ రాస్తున్నాను.

వెలుతురు పడితే ఎందుకు పారిపోతారు?

రెండు కారణాలున్నాయి. మొదటిది కంటికి సంబంధించింది. చీకట్లో మన కంట్లోని రాడ్ కణాలు పనిచేస్తాయి. వాటిలో రోడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. ఎక్కువ వెలుతురు తగిలితే అది విడిపోతుంది, మళ్లీ పూర్తిగా తయారవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అందుకే చీకటికి అలవాటుపడ్డ కళ్ల మీద ఒక్కసారి గట్టి వెలుతురు పడితే, ఆ తర్వాత కాసేపు అన్నీ నల్లమచ్చల్లా కనిపిస్తాయి.

రెండోది, ఇంకా ముఖ్యమైనది, మనసుకి సంబంధించింది. అల్లరి చేసేవాడి ధైర్యమంతా 'నన్నెవరూ చూడట్లేదు' అన్న నమ్మకం మీదే ఉంటుంది. లైటు ఆ నమ్మకాన్ని తీసేస్తుంది.

దీనికి పరిశోధనలు కూడా ఉన్నాయి. 2016లో న్యూయార్క్‌లో ప్రభుత్వ గృహ సముదాయాల దగ్గర తాత్కాలిక లైట్ టవర్లు పెట్టి పరీక్షించారు. రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్రమైన నేరాలు సుమారు 36 శాతం తగ్గాయని ఆ అధ్యయనం తేల్చింది. అయితే ఇంకోవైపు కూడా చూడాలి. ఇంగ్లండ్, వేల్స్‌లో కరెంటు ఆదా కోసం వీధి దీపాలు తగ్గించిన ప్రాంతాలపై 2015లో వచ్చిన అధ్యయనంలో నేరాలు పెరిగినట్టు గట్టి ఆధారం దొరకలేదు. అంటే వెలుతురు ఉంటే చాలదు, ఆ వెలుతుర్లో చూసే మనిషి కూడా ఉండాలి. టార్చ్ వెనుక ఒక మనిషి ఉన్నాడని అవతలివాడికి తెలుస్తుంది. దాని బలం అక్కడే ఉంది.

ఫోన్ ఫ్లాష్ సరిపోదా?

తాళం వెతుక్కోవడానికి సరిపోతుంది. మెట్లు దిగడానికి సరిపోతుంది. మేడ మీద నుంచి 30 మీటర్ల దూరంలో ఉన్న బైకుల దగ్గర ఎవరున్నారో చూడాలంటే మాత్రం సరిపోదు. ఫోన్ ఎల్ఈడీ ముందు ఉండే చిన్న లెన్స్ వెలుతుర్ని వెడల్పుగా చల్లుతుంది, ఎందుకంటే దాన్ని చేసింది ఫోటోల కోసం. టార్చ్‌లో ఉండే గిన్నెలాంటి రిఫ్లెక్టర్ అదే వెలుతుర్ని పోగుచేసి ఒకవైపుకి పంపిస్తుంది.

ల్యూమెన్స్ చూసి మోసపోకండి

ఆన్‌లైన్‌లో టార్చ్ వెతికితే మొదట కనిపించేది ల్యూమెన్స్. ఇది టార్చ్ నుంచి బయటికి వచ్చే మొత్తం వెలుతురు. దూరం వెళ్తుందా లేదా అన్నది చెప్పేది కాండెలా, అంటే ఒక దిశలో వెలుతురు ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత. నీళ్ల పైపుతో పోల్చుకోండి. ఎన్ని లీటర్లు వస్తున్నాయన్నది ల్యూమెన్స్ అనుకుంటే, పైపు మూతి వేలితో నొక్కినప్పుడు ధార ఎంత సూటిగా పోతుందన్నది కాండెలా.

పేరున్న కంపెనీలు ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ప్రకారం బాక్స్ మీద అంకెలు వేస్తాయి. అందులో బీమ్ దూరానికి లెక్క చాలా తేలిక: కాండెలాకి వర్గమూలం తీసి 2తో గుణించాలి. 2,500 కాండెలా అయితే వర్గమూలం 50, బీమ్ దూరం 100 మీటర్లు. 10,000 కాండెలా అయితే 200 మీటర్లు. గమనించారా? దూరం రెట్టింపు కావాలంటే కాండెలా నాలుగు రెట్లు కావాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ దూరంలో పడే వెలుతురు 0.25 లక్స్ మాత్రమే, అంటే దాదాపు పున్నమి వెన్నెలంత. అక్కడ ఎవరో ఉన్నారని తెలుస్తుంది గానీ ముఖం తెలియదు. మీకు కావాల్సిన దూరంలో ఎంత వెలుతురు పడుతుందో తెలియాలంటే కాండెలాని దూరం వర్గంతో భాగించండి. 30 మీటర్ల దగ్గర 2,500 కాండెలా టార్చ్ ఇచ్చేది సుమారు 2.8 లక్స్. 10,000 కాండెలాది సుమారు 11 లక్స్. మా వీధికి ఈ రెండోది సరిగ్గా సరిపోయింది. బైకు నంబర్ ప్లేటు కూడా చదవగలిగాను.

మరి 'లక్ష ల్యూమెన్స్' అని వెయ్యి రూపాయలలోపు అమ్మేవాటి సంగతేంటి? ఒక్క పోలిక చాలు. కార్లలో మామూలుగా వాడే హెచ్4 హాలోజెన్ బల్బు హై బీమ్‌లో ఇచ్చేది సుమారు 1,650 ల్యూమెన్స్. అరచేతిలో పట్టే లైటు దానికి అరవై రెట్లు ఇస్తుందంటే నమ్మేదెలా?

బ్యాటరీ దగ్గర కూడా ఇదే కథ

ఎక్కువ టార్చ్‌లలో వాడేది 18650 సెల్. పేరులోనే కొలత ఉంది: 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. మంచి 18650లో పట్టేది సుమారు 3,500 ఎంఏహెచ్. దాని మీద 9,900 అని రాసి ఉంటే ఆ సెల్‌ని షాపులోనే వదిలేసి వచ్చేయండి. లిథియం సెల్ కాబట్టి నాసిరకానిది డబ్బు దండగతో ఆగదు, మంటలు కూడా అంటుకోవచ్చు. పెద్ద సైజు 21700 అయితే 5,000 ఎంఏహెచ్ వరకు మామూలే.

రన్‌టైమ్ అంకె కూడా జాగ్రత్తగా చదవండి. ఎఫ్ఎల్1 లెక్కలో, వెలుతురు మొదటి స్థాయిలో 10 శాతానికి పడిపోయేదాకా ఉన్న సమయమంతా రన్‌టైమే. పైగా టర్బో మోడ్ కొద్ది నిమిషాలే ఉంటుంది. వేడెక్కగానే టార్చ్ తనంతట తనే వెలుతురు తగ్గించుకుంటుంది. అది లోపమేం కాదు, ఎల్ఈడీని కాపాడుకునే పద్ధతి. మన పనికి టర్బో పది సెకన్లు చాలు.

ఇంకో విషయం. టార్చ్‌ని జేబులో పెట్టుకునేటప్పుడు లాకౌట్ వేయండి. పొరపాటున టర్బోలో వెలిగితే బట్ట కాలుతుంది, చర్మం కూడా కాలుతుంది. వానల్లో వాడాలంటే కనీసం ఐపీఎక్స్4, నీళ్లలో పడే అవకాశం ఉంటే ఐపీఎక్స్7 చూసుకోండి.

వాడే పద్ధతి: ముందు నేల, తర్వాత మాట

టార్చ్ కొనడం సులువు, వాడటమే నేర్చుకోవాలి. నేను పాటించే వరుస ఇది.

ఒకటి, మీరున్న చోట లైట్లు ఆపేయండి. వెనుక గదిలో ట్యూబ్‌లైటు వెలుగుతుంటే మీరు కింది వాళ్లకి స్పష్టంగా కనిపిస్తారు, వాళ్లు మీకు కనిపించరు.

రెండు, దోమల మెష్ వెనుక నుంచి వేయకండి. వెలుతురు మెష్ మీదే పడి మీ కళ్లలోకి తిరిగొస్తుంది. పక్కనున్న తెల్ల గోడ కూడా అంతే.

మూడు, మొదటి వెలుతురు నేల మీద, ఆ మనిషికి రెండు మూడు అడుగుల ముందు పడాలి. ముఖం మీద వద్దు. వెంటనే గొంతు వినిపించాలి: "ఎవరు బాబూ అక్కడ? ఎవరి కోసం?" ఆ ప్రశ్న చాలా పని చేస్తుంది. పనిమీద వచ్చినవాళ్లు జవాబు చెప్తారు. మిగతావాళ్లు వెళ్లిపోతారు.

నాలుగు, కదులుతున్న బండి మీద ఎప్పుడూ వేయకండి. నడిపేవాడికి ఒక్క సెకను కళ్లు కనిపించకపోతే ప్రాణాలే పోవచ్చు. ఎదురింటి కిటికీలోకి కూడా వద్దు, అక్కడ పసిపిల్లలు నిద్రపోతుంటారు.

ఐదు, స్ట్రోబ్ మోడ్ మర్చిపోండి. వేగంగా మిణుకుమనే వెలుతురు ఫోటోసెన్సిటివ్ ఎపిలెప్సీ ఉన్నవాళ్లకి మూర్ఛ తెప్పించగలదు. చీకట్లో ఉన్నవాడికి ఆ జబ్బు ఉందో లేదో మనకెలా తెలుస్తుంది? గ్రీన్ లేజర్ పాయింటర్లు అసలే వద్దు, రెటీనా శాశ్వతంగా దెబ్బతినొచ్చు.

ఆరు, కిందికి దిగి వెంటపడకండి. వాళ్ల చేతిలో ఏముందో తెలియదు. భయంగా అనిపిస్తే, దొంగతనం జరుగుతుంటే 112కి ఫోన్ చేయండి. టార్చ్ పని చూడటం, చూస్తున్నామని చెప్పడం. అక్కడితో ఆగాలి.

'ముందు నేల' అని ఎందుకు పట్టుబడుతున్నానంటే

ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి బైకుల పక్కన ఒక కుర్రాడు వంగి కనిపించాడు. నేల మీద వెలుతురు వేసి అడిగాను. "పేపర్ అన్నా, సైకిల్ చైను ఊడిపోయింది" అన్నాడు. అదే వెలుతుర్లో చైను ఎక్కించుకుని, "థాంక్స్ అన్నా" అని వెళ్లిపోయాడు. టార్చ్ అతనికి సాయం చేసింది. అప్పటికే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో 'ఈసారి దొరికితే ముందు తన్నండి, తర్వాత అడగండి' అనే మెసేజ్‌లు తిరుగుతున్నాయి. ఆ కుర్రాడు ఇంకెవరి కంటైనా పడి ఉంటే?

ఇది ఊహించుకుని భయపడటం కాదు. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలంటూ వాట్సాప్‌లో వదంతులు పాకి, తెలుగు రాష్ట్రాలతో సహా దేశంలో చాలాచోట్ల దారినపోయే అమాయకుల మీద జనం దాడులు చేశారు, ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది జూలైలోనే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి 5 చాట్‌లకి మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి తెచ్చింది. రాత్రిపూట కొత్త మనిషి కనబడితే దొంగే అనుకునే బుర్రకి పదివేల కాండెలా ఇస్తే, ప్రమాదం కూడా అంత దూరం పోతుంది.

మరి ఫలితం వచ్చిందా?

వచ్చింది, కొంతవరకు. రెండో వారంలో ఒక రాత్రి ముగ్గురు అబ్బాయిలు క్యాన్, పైపుతో వచ్చారు. నేల మీద వెలుతురు, "ఎవరు బాబూ?" అన్న మాట. క్యాన్ అక్కడే వదిలేసి వెళ్లారు. బైకు నంబర్ కనిపించింది, పదహారేళ్లు కూడా ఉండని ముఖాలు కనిపించాయి. గ్రూపులో కొందరు అంకుల్స్ వీడియో పెట్టమన్నారు, నా దగ్గర ఉన్న క్లిప్ పెట్టలేదు. 18 ఏళ్లలోపు పిల్లలు కేసుల్లో ఉన్నప్పుడు వాళ్లెవరో తెలిసేలా పేరు, ఫోటో బయటపెట్టకూడదని 2015 జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. ఇక్కడ కేసు లేదు నిజమే. కానీ ఆ నియమం వెనకున్న ఆలోచన మనకీ వర్తిస్తుంది: పెట్రోల్ లీటరు నష్టం నెలలో మర్చిపోతాం, వైరల్ అయిన పిల్లాడి ముఖం ఏళ్ల తరబడి తిరుగుతుంది. కాలనీ సెక్రటరీ గారు బైకు ఎవరిదో కనుక్కుని, ఆ ఇంటికి వెళ్లి తల్లిదండ్రులతో మెల్లిగా మాట్లాడి వచ్చారు. మా వీధిలో పెట్రోల్ పోవడం ఆగిపోయింది.

సీసాల గోల మాత్రం పక్క వీధికి మారింది. టార్చ్‌తో వచ్చే సమస్యే ఇది: అల్లరిని తరుముతుంది, కారణాన్ని తీసేయదు. అందుకే తర్వాత చేసిన పనులు ఎక్కువ కాలం నిలిచాయి. వెలగని రెండు వీధి దీపాల స్తంభాల నంబర్లు రాసుకుని ఫిర్యాదు ఇచ్చాం, బాగయ్యాయి. ఖాళీ ప్లాట్ ముందు ఇంటివాళ్లు మనిషి కదిలితే వెలిగే పీఐఆర్ సెన్సర్ లైటు పెట్టించారు. రాత్రంతా వెలగదు కాబట్టి కరెంటు ఖర్చు తక్కువ.

కొనాలనుకుంటే

ఇంటి ముందు వీధి కోసమైతే 500 నుంచి 1,000 ల్యూమెన్స్, 10,000 కాండెలా దరిదాపుల్లో ఉన్న టార్చ్ చాలు. ఎఫ్ఎల్1 అంకెలు బాక్స్ మీద ఉండాలి. చీకట్లో తడుముకోకుండా ఒక్క నొక్కుతో వెలగాలి. టైప్-సి ఛార్జింగ్ ఉంటే ఫోన్ కేబులే సరిపోతుంది. నెలకోసారి ఛార్జ్ చూసుకోండి, ఎప్పుడూ ఒకే చోట, తలుపు పక్కనో మంచం పక్కనో పెట్టండి. ఇంట్లో అమ్మకీ నాన్నకీ కూడా ఎలా వెలిగించాలో చూపించండి. నేల మీద వేయమని, ముందు అడగమని కూడా చెప్పండి.