వీధి ఎవరిది?

నగరవాసికి ఇల్లు ఎంత ముఖ్యమో, ఇంటి ముందరి వీధి కూడా అంతే ముఖ్యం. వీధి వాహనాలు నడిచే దారి మాత్రమే కాదు. ఉదయాన ముగ్గు పెట్టేది అక్కడే. కూరగాయల బండి ఆగేదీ అక్కడే. పిల్లలు సైకిలు నేర్చుకునేది, వృద్ధులు సాయంకాలం నాలుగడుగులు నడిచేది ఆ వీధిలోనే. అటువంటి వీధి తెల్లవారి తొమ్మిది గంటలయ్యేసరికి అపరిచితుల వాహనాలతో నిండిపోతే నివాసితులకు అసహనం కలగడం సహజం. అయితే ఆ అసహనం తగవుగా మిగిలిపోకుండా న్యాయమైన కోరికగా రూపొందాలంటే ముందుగా ఒక ప్రశ్నకు సమాధానం వెదకాలి. అసలు వీధి ఎవరిది?

హైదరాబాదు నగరంలో 2017 నవంబరులో మెట్రో రైలు ప్రారంభమైంది. 2020 ఫిబ్రవరి నాటికి మూడు మార్గాలలో దాదాపు 69 కిలోమీటర్ల మేర విస్తరించింది. రోడ్ల మీద రద్దీని తగ్గించడానికి ఇటువంటి రవాణా సాధనం ఎంతో అవసరమనడంలో సందేహం లేదు. కాని స్టేషనుకు మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో నివసించేవారు అక్కడిదాకా రావడానికి సొంత వాహనాన్ని ఆశ్రయిస్తారు. స్టేషను వద్ద చోటు దొరకనివారు, రుసుము చెల్లించడానికి ఇష్టపడనివారు పక్కనున్న కాలనీ వీధుల్లోకి మళ్లుతారు. కార్యాలయాలు, ఆసుపత్రులు, శిక్షణ కేంద్రాలు ఉన్న ప్రాంతాలలోనూ ఇదే పరిస్థితి ఏర్పడుతుంది. ఉదయం తొమ్మిది గంటలకు నిలిపిన కారు సాయంత్రం ఆరు గంటల వరకు కదలదు. ఆ తొమ్మిది గంటలూ ఆ స్థలం మరెవ్వరికీ ఉపయోగపడదు.

ఈ సమస్య కేవలం అసౌకర్యానికి సంబంధించినది కాదు. ఇరవై అడుగుల వీధి వెడల్పు సుమారు ఆరు మీటర్లు. ఒక కారు వెడల్పు ఇంచుమించు 1.8 మీటర్లు. రెండు వైపులా కార్లు నిలిపితే మధ్యలో మిగిలేది రెండున్నర మీటర్లకు మించదు. ఫైరింజను వెడల్పు కూడా దాదాపు అంతే. అంటే ఆ వీధిలో ఏదైనా ఇంటికి నిప్పంటుకుంటే, నీళ్లు తెచ్చిన వాహనం వీధి మొదట్లోనే ఆగిపోవలసి వస్తుంది. గుండెపోటు వచ్చిన రోగి కోసం పిలిచిన అంబులెన్స్ కూడా అదే విధంగా చిక్కుకుంటుంది. అత్యవసర సమయంలో కారు యజమాని ఎక్కడో పది కిలోమీటర్ల దూరాన తన కార్యాలయంలో ఉంటాడు.

పసిపిల్లల విషయంలో ప్రమాదం మరింత ఎక్కువ. నిలిపి ఉన్న రెండు కార్ల సందులోంచి బంతి కోసం పరుగెత్తే పిల్లవాడు వాహనచోదకుడికి కనిపించడు. పిల్లవాడికి కూడా ఎదురుగా వచ్చే వాహనం కనిపించదు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనం ఒక్క సెకనులో ఎనిమిది మీటర్లకు పైగా సాగుతుంది. 50 కిలోమీటర్ల వేగంలో అది దాదాపు పద్నాలుగు మీటర్లు. చోదకుడు చూసి, గ్రహించి, బ్రేకు మీద కాలు వేయడానికే సుమారు ఒక సెకను పడుతుంది. మూడు మీటర్ల దూరంలో హఠాత్తుగా బిడ్డ కనిపిస్తే ఎంతటి నేర్పరి అయినా ఏమి చేయగలడు? కాలిబాట కూడా వాహనాలతో నిండినప్పుడు పాదచారులు నడిరోడ్డు మీదకు దిగక తప్పదు.

చట్టం ఈ ప్రమాదాన్ని గుర్తించకపోలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ప్రకారం ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, మితిమీరిన అసౌకర్యం కలిగించే రీతిలో బహిరంగ స్థలంలో వాహనాన్ని నిలపరాదు. మలుపుల వద్ద, కూడళ్ల వద్ద, కాలిబాటల మీద, పాఠశాలల, ఆసుపత్రుల ప్రవేశద్వారాల దగ్గర, ఇతరుల గేట్లకు అడ్డంగా వాహనాలు నిలపరాదని 1989 నాటి రహదారి నిబంధనలు వివరించాయి. 2017లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చినా మూలసూత్రం మారలేదు. చట్టం ఉంది, దాని అమలు వీధి చివరిదాకా రావడమే కష్టమవుతున్నది.

నివాసితులు తమను తాము ప్రశ్నించుకోవలసిన విషయాలు కూడా లేకపోలేదు. ఇంటి ముందు స్థలం తమదేనన్నట్లు రాళ్లు, డ్రమ్ములు, పూలకుండీలు పెట్టేవారున్నారు. గేటు ముందరి వాలును రోడ్డు మధ్యదాకా పొడిగించేవారున్నారు. అపార్టుమెంటు సెల్లారును దుకాణాలకు అద్దెకిచ్చి, తమ కార్లను వీధిలో నిలిపేవారూ ఉన్నారు. ప్రభుత్వ వీధి ఎవరి ప్రహరీలోనూ భాగం కాదు. జపాన్ దేశంలో 1962లో చేసిన చట్టం ఈ సందర్భంలో గమనింపదగినది. అక్కడ సాధారణంగా కారు కొనేవారు దానిని నిలుపుకోవడానికి తమ నివాసానికి రెండు కిలోమీటర్ల లోపల స్థలం ఉన్నట్లు పోలీసు శాఖ నుండి ధ్రువపత్రం పొందాలి. వాహనం సొంతమైనప్పుడు దానికి చోటు చూపించే బాధ్యత కూడా యజమానిదే అన్నది ఆ చట్టంలోని ధర్మం.

బయటివారి వాహనాల విషయంలో అమెరికాలోని ఆర్లింగ్టన్ కౌంటీ అనుభవం ప్రసిద్ధమైనది. వాషింగ్టన్ నగరానికి పొటోమాక్ నది ఆవలి ఒడ్డున ఉన్న ఈ ప్రాంతంలో, క్రిస్టల్ సిటీ అనే కార్యాలయాల సముదాయానికి సమీపంలో అరోరా హైలాండ్స్ అనే నివాస ప్రాంతం ఉంది. ఉద్యోగులు తమ కార్లను ఆ వీధుల్లో నిలిపి పనికి వెళ్లేవారు. దానితో పని దినాలలో ఉదయం ఎనిమిది నుండి సాయంత్రం అయిదు గంటల వరకు అనుమతిపత్రం లేని వాహనాలు అక్కడ నిలపరాదని కౌంటీ శాసించింది. నివాసితులకు, వారితో పని ఉండి వచ్చేవారికి, కొందరు అతిథులకు ఉచితంగా అనుమతిపత్రాలు ఇచ్చింది. ఇది సమానత్వ హక్కుకు భంగమని ఉద్యోగులు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. వర్జీనియా న్యాయస్థానాలు వారితో ఏకీభవించాయి. కాని 1977 అక్టోబరులో అమెరికా సర్వోన్నత న్యాయస్థానం ఆ తీర్పును తోసిపుచ్చింది. రద్దీని, శబ్దాన్ని, కాలుష్యాన్ని తగ్గించి నివాస ప్రాంతపు జీవనాన్ని కాపాడడానికి నివాసితులకూ ఇతరులకూ మధ్య ఇటువంటి భేదం చూపడం రాజ్యాంగ విరుద్ధం కాదని స్పష్టం చేసింది.

ఈ తీర్పు వీధిని నివాసితుల సొత్తుగా ప్రకటించలేదన్నది ముఖ్యంగా గ్రహించాలి. అది కొన్ని వేళలకు, కొన్ని వీధులకు పరిమితమైన క్రమబద్ధీకరణను మాత్రమే సమర్థించింది. పైగా వాహనాన్ని ఒక వీధి నుండి తరిమినంత మాత్రాన సమస్య తీరదు, అది పక్క వీధికి చేరుతుంది. కారు నిలిపిన ఉద్యోగి కూడా శత్రువు కాడు. ఇంటి నుండి స్టేషనుకు వేళకు వచ్చే బస్సు, నడవడానికి నిరపాయమైన కాలిబాట ఉంటే అతడు ఆ కారు తీయవలసిన అవసరమే తగ్గుతుంది. నగరాలలో భూమి విలువైనదనీ, పార్కింగుకు స్థలం కేటాయించేటప్పుడు ఆ సంగతిని గుర్తించాలనీ 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. స్థలానికి తగిన రుసుము, ఇరుకు వీధులలో ఒక వైపునే పార్కింగ్, అత్యవసర వాహనాలకు నిత్యం ఖాళీగా ఉండే దారి, మలుపుల వద్ద నిషేధం, అన్నిటికీ మించి మంచి ప్రజా రవాణా కలిసి వచ్చినప్పుడే వీధికి ఊపిరాడుతుంది.

వీధి ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం ఇక్కడ లభిస్తుంది. అది ముందు వచ్చి వాహనం నిలిపినవాడిదీ కాదు, గేటు ముందు రాళ్లు పేర్చినవాడిదీ కాదు. వీధి అందరిదీ. అయినా ఆ అందరిలో ప్రథమ స్థానం బలహీనులదే. బడికి నడిచే బిడ్డకు, చేతికర్రతో అడుగు వేసే వృద్ధుడికి, అంబులెన్స్ కోసం ఎదురుచూసే రోగికి దారి మిగిల్చిన తరువాతనే ఏ వాహనానికైనా చోటు. రాకపోకల సౌకర్యం కన్నా ప్రాణరక్షణ మిన్న అని గుర్తించిన నాడు పొరుగువారి మధ్య తగవులు చాలావరకు సమసిపోతాయి.

అర్థాలు
అసహనం = ఓర్వలేనితనం
చోదకుడు = నడిపేవాడు
కూడలి = దారులు కలిసే చోటు
నిరపాయం = అపాయం లేనిది

సంధులు, సమాసాలు
అతి + అవసరం = అత్యవసరం – యణాదేశ సంధి
సర్వ + ఉన్నత = సర్వోన్నత – గుణసంధి
రాకపోకలు = రాకయును, పోకయును – ద్వంద్వ సమాసం
ప్రాణరక్షణ = ప్రాణముల యొక్క రక్షణ – షష్ఠీ తత్పురుష సమాసం

ప్రశ్నలు
1. నివాస వీధులలో పార్కింగ్ ప్రాణాపాయానికి ఎలా దారితీస్తుందో వివరించండి.
2. ఆర్లింగ్టన్ కౌంటీ వివాదాన్ని, తీర్పును సంగ్రహంగా రాయండి.
3. “వీధి అందరిదీ. అయినా ఆ అందరిలో ప్రథమ స్థానం బలహీనులదే.” మీ వీధి పరిస్థితిని పరిశీలించి ఈ మాటలను చర్చించండి.