పద్దుల పెట్టె: ముందు పట్టీ, తర్వాత పాసుబుక్కు

ప్రశ్న: మా అత్తగారి పేరు మీద ఆన్‌లైన్‌లో నేత చీరలు అమ్ముతున్నాం. వారం వారం బ్యాంకులో పడిన మొత్తాన్నే ట్యాలీలో సేల్స్ కింద వేస్తున్నాను. జీఎస్టీ రిటర్నులూ ఆ లెక్కనే వేశాం. సైటు వాళ్లు చూపిన అమ్మకం మా రిటర్నులో ఉన్నదానికంటే ఎక్కువ ఉందని ఇప్పుడు నోటీసు వచ్చింది. మేం ఒక్క రూపాయి దాచలేదండీ. తప్పెక్కడ జరిగింది? - మంగళగిరి

జవాబు: మొదటి పద్దులోనే జరిగిందమ్మా. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం ఇదే గోల. అందుకని కాస్త పెద్దగానే చెప్తాను, ఓపిక పట్టండి.

మా నాన్న వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలుకెళ్లేవారు. సాయంత్రానికి తక్‌పట్టీ చేతికొచ్చేది. పైన తూకం, ధర, మొత్తం సొమ్ము. కింద కమీషను, హమాలీ, దడవాయి కూలి. అన్నీ పోగా అడుగున చేతికందిన పైకం. ఇంటికొచ్చాక ‘మిర్చి ఎంతకు పోయింది?’ అని అమ్మ అడిగితే ఆయన పై అంకె చెప్పేవారు. జేబులో ఉన్నది చెప్పేవారు కాదు. కోతలు ఎన్ని పడ్డాయన్నది ఆ తర్వాతి మాట, అదీ తిట్లతో కలిపి. సైటు వాళ్లు మీకు పంపే సెటిల్‌మెంట్ రిపోర్టు కూడా తక్‌పట్టీయే. మీరు దాన్ని తెరవకుండానే అడుగున ఉన్న అంకె తీసి అమ్మకం అని రాశారు.

ఒక్క చీరతో చూద్దాం. ఫీజుల అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవి. మీవి మీ రిపోర్టులో ఉంటాయి. పుణె ఆవిడ 1,050 రూపాయలకు చీర కొన్నది. అందులో 1,000 చీర ధర, 50 ఐజీఎస్టీ. సైటు కమీషను 100, కొరియరు 60 తీసుకుంది. ఆ 160 మీద 18 శాతం జీఎస్టీ 28.80. జీఎస్టీ చట్టం కింద టీసీఎస్ అర శాతం, అంటే 5 రూపాయలు. ఆదాయపు పన్ను కింద టీడీఎస్ 0.1 శాతం, ఒక రూపాయి. అన్నీ పోగా మీ బ్యాంకులో పడింది 855.20.

మీరు 855.20 అమ్మకం అని రాశారు. అక్కడ సైటు నెలనెలా జీఎస్టీఆర్-8 లో మీ పేరు మీద 1,000 రూపాయల అమ్మకం చూపిస్తోంది. రెండూ ఒకే పోర్టల్‌లో కూర్చున్నాయి. తేడా పట్టడానికి ఆఫీసరు కూడా అక్కర్లేదు, కంప్యూటరే పట్టేస్తుంది.

నోటీసు సంగతి అలా ఉంచండి. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇంకొకటి. ఫీజు మీద కట్టిన 28.80 మీకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా రావాల్సింది. టీసీఎస్ 5, టీడీఎస్ 1 కూడా మీ సొమ్మే. చీరకు 34.80 మీకు మీరే వదులుకున్నారు. నెలకు వంద చీరలు అమ్మితే ఏడాదికి 41,760. ఎవరూ దోచుకోలేదు, పద్దు రాయక పోయింది.

ఇక పద్ధతి. ట్యాలీలో ఆ సైటు పేరుతో సండ్రీ డెటర్స్ కింద ఒక లెడ్జరు తెరవండి. చీర వెళ్లినప్పుడు ఎఫ్8 లో ఆ లెడ్జరు మీద పూర్తి 1,050 అమ్మకం. ఫీజు బిల్లు రాగానే కమీషను 100, కొరియరు 60 ఖర్చుకు, 28.80 ఇన్‌పుట్ పన్నుకు రాసి, 188.80 సైటుకు జమ చేయండి. టీసీఎస్‌కు ఒకటి, టీడీఎస్‌కు ఒకటి వేరు వేరు లెడ్జర్లు, ఆస్తుల వైపు. బ్యాంకులో డబ్బు పడ్డప్పుడు ఎఫ్6 లో 855.20 రసీదు. సైటు లెడ్జరు సున్నా అయిపోతుంది. నెలాఖరున అందులో ఏదైనా మిగిలితే, అది ఇంకా చెల్లించని ఆర్డర్ల మొత్తంతో సరిపోవాలి. సరిపోకపోతే వాళ్లయినా బాకీ ఉన్నారు, మీరైనా ఏదో మరిచిపోయారు.

నోటీసుకు భయపడకండి, అలాగని ఊరుకోనూ వద్దు. గడువులోగా జవాబివ్వండి. ఆ ఏడాది రిటర్నుల్లో సవరణకు తర్వాతి ఆర్థిక సంవత్సరం నవంబర్ 30 దాకా, లేదా వార్షిక రిటర్ను వేసేదాకా, ఏది ముందైతే అది, వీలుంటుంది. అది దాటిపోతే తేడా పన్నును డీఆర్‌సీ-03 ద్వారా, వడ్డీతో కలిపి కట్టాలి. వడ్డీ ఏడాదికి 18 శాతం. పట్టీలన్నీ పట్టుకుని మీ ఆడిటరు దగ్గరికి ఈ వారమే వెళ్లండి.

ప్రశ్న: నెలకు నాలుగొందల ఆర్డర్లు. ఒక్కొక్కటీ ట్యాలీలో ఎక్కించాలా? - తెనాలి

జవాబు: అక్కర్లేదు. మామూలు కొనుగోలుదారులకు అమ్మినవి రాష్ట్రం వారీగా, పన్ను రేటు వారీగా కలిపి వేయొచ్చు. జీఎస్టీఆర్-1 ఏడో పట్టిక అడిగేదీ అదే. సైటు ద్వారా జరిగిన మొత్తాన్ని పద్నాలుగో పట్టికలోనూ చూపండి. జీఎస్టీ నంబరు ఇచ్చి కొన్నవాళ్ల బిల్లులు మాత్రం విడివిడిగా ఎక్కించాలి.

ప్రశ్న: ఏటికొప్పాక లక్క బొమ్మలు అమ్ముతాను. వాపసులు ఎక్కువ. కొన్ని కొన్నవాళ్లు తిప్పి పంపుతారు, కొన్ని తలుపు దాకా వెళ్లి ఆర్‌టీఓ అయి వస్తాయి. అన్నిటినీ ‘రిఫండ్ ఖర్చు’ అని రాస్తున్నాను. సరైనదేనా? - అనకాపల్లి

జవాబు: కాదు. కొన్నవాడికి తిరిగిచ్చిన సొమ్ము మీ ఖర్చు కాదు, జరగకుండా పోయిన అమ్మకం. దానికి క్రెడిట్ నోటు ఉంది, ట్యాలీప్రైమ్‌లో ఆల్ట్, ఎఫ్6. ఖర్చు కింద వేస్తే అమ్మకం అలాగే నిలబడుతుంది, దాని మీద పన్నూ మీరే కడుతుంటారు.

పైన చెప్పిన చీరే తిరిగొచ్చిందనుకోండి. క్రెడిట్ నోటుతో 1,000 అమ్మకం, 50 పన్ను వెనక్కి పోతాయి. సైటు కమీషను 118 తిరిగిచ్చింది, పోయేటప్పటి కొరియరు 70.80 ఇవ్వలేదు, వచ్చేటప్పటి కొరియరు అని ఇంకో 94.40 కోసింది. మొత్తం 165.20 లో 25.20 ఇన్‌పుట్ క్రెడిట్. మిగతా 140 అచ్చంగా ఖర్చు. దీనికి ‘వాపసు కొరియరు’ అని వేరే లెడ్జరు పెట్టండి. అన్నీ ఒకే గంపలో పోస్తే ఏ బొమ్మ మీకు అన్నం పెడుతోందో, ఏది మీ అన్నం తింటోందో తెలియదు. ఒకాయన లెక్కలు నేనే విడదీసి చూస్తే, ఆయన గొప్పగా చెప్పుకునే సరుకే మూడింట ఒకటి తిరిగొస్తోంది. ఆ రోజు నాతో మాట్లాడలేదు, మర్నాడు దాన్ని అమ్మకంలోంచి తీసేశాడు.

ఆర్‌టీఓకూ అదే దారి, బిల్లు వేసి ఉంటే క్రెడిట్ నోటు. బొమ్మ విరిగి వస్తే స్టాకులోకి ఎక్కించకండి. పాడైన సరుకుగా కొట్టేసి, దాని మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ వెనక్కి కట్టండి. సైటు నష్టపరిహారం ఇస్తే అది ఇతర ఆదాయం, అమ్మకంలో కలపొద్దు.

ప్రశ్న: టీసీఎస్ ఏడాదిగా కోస్తున్నారు, నాకు మాత్రం పోర్టల్‌లో కనబడలేదు. మింగేశారా? - కరీంనగర్

జవాబు: ఎవరూ మింగలేదు, మీరు తీసుకోలేదు. పోర్టల్‌లో ‘టీడీఎస్ అండ్ టీసీఎస్ క్రెడిట్ రిసీవ్డ్’ అని ఒకటుంటుంది. అక్కడికెళ్లి ఒప్పుకుని ఫైల్ చేస్తేనే క్యాష్ లెడ్జరులోకి వస్తుంది. 2024 జులై 10 కి ముందు కోత 1 శాతం, తర్వాత అర శాతం. పాత నెలలు సరిచూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఆదాయపు పన్ను టీడీఎస్ కూడా 2024 అక్టోబర్ 1 నుంచి 1 శాతం పోయి 0.1 అయింది. ఈ రెంటినీ ఒకే లెడ్జరులో కలిపారని మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. విడదీయండి.

ప్రశ్న: జీఎస్టీ నంబరు లేకుండా ఆన్‌లైన్‌లో అమ్మొచ్చా? - మధిర

జవాబు: 2023 అక్టోబర్ 1 నుంచి అమ్మొచ్చు, సొంత రాష్ట్రం లోపల మాత్రమే, పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంటు నంబరు తీసుకుని. సరుకు అమ్మకాలకు పరిమితి తెలంగాణలో 20 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు. మీ ఊరు సరిహద్దున ఉంది కాబట్టి చెప్తున్నా, పక్కనున్న నందిగామకు ఒక్క పార్సిల్ పంపినా అది రాష్ట్రం దాటినట్టే. నంబరు లేకపోతే ఫీజు మీది జీఎస్టీ కూడా ఖర్చే, క్రెడిట్ రాదు.

ప్రశ్న: ఇక్కడ నా నగల వెబ్‌స్టోరు లెక్కలు క్విక్‌బుక్స్‌లో రాస్తాను. 1099-కె లో వచ్చిన అంకె నా డిపాజిట్లకంటే చాలా ఎక్కువ. పొరపాటా? - డాలస్

జవాబు: కాదు. అందులో ఫీజులు, రిఫండ్లు తీసేయని మొత్తమే ఉంటుంది. మంగళగిరి ఆవిడకు చెప్పిందే మీకూ. డిపాజిట్లు కాకుండా మొత్తం అమ్మకం రాసి, కోతలు విడిగా చూపండి.

ప్రశ్న: అన్నీ ఆటోమేటిక్‌గా ఎక్కించే సాఫ్ట్‌వేర్ కొనమని మా అబ్బాయి పోరుతున్నాడు. కొననా? - భీమవరం

జవాబు: మూడు నెలలు చేత్తో రాసి, సైటు లెడ్జరు సరిపోయాక కొనండి. ఇప్పుడు కొంటే మీ తప్పు నిమిషానికి వంద చొప్పున ఎక్కుతుంది.

ప్రశ్న: మార్చి 29 న అమ్మిన సరుకు డబ్బు ఏప్రిల్ 6 న పడింది. ఏ ఏడాది? - రాజమండ్రి

జవాబు: మార్చి. మార్చి 31 న సైటు మీకు బాకీ.

ఉత్తరాలు రాసేవారికి ఒక మనవి. బ్యాంకు స్టేట్‌మెంట్లు పంపకండి, వాటితో నేను చెప్పగలిగిందేమీ లేదు. ఒక నెల సెటిల్‌మెంట్ రిపోర్టు, అదే నెల ఫీజు బిల్లు, రెండూ జతచేయండి. మీ పేరు, ఖాతా నంబర్లు కొట్టేసి మరీ.