బ్రష్‌లు కొంటే టెక్స్‌చర్ రాదు

“మావాడు ఫోన్‌లో బొమ్మలు బాగా వేస్తడు సార్. ఐప్యాడ్ కొనిచ్చి హైదరాబాద్‌ల యానిమేషన్ కోర్సులో చేర్పిస్తే లక్షల జీతం వస్తదంట కదా!” వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు తల్లిదండ్రులు ఈమధ్య తరచుగా అడుగుతున్న మాట ఇది. పిల్లల బొమ్మల్ని మెచ్చుకోవడం మొదలైనందుకు నాకు సంతోషమే. పరికరం కొంటే పని వచ్చేస్తుందన్న నమ్మకంతోనే నాకు పేచీ.

డిజిటల్ బ్రష్ అంటే ఒక చిన్న ముద్ర. పెన్ను కదిలే దారి పొడవునా కంప్యూటర్ ఆ ముద్రను వరసగా వేస్తుంది. ముద్రలు దగ్గరదగ్గరగా పడితే నున్నని గీత, దూరం పెంచితే చుక్కలు. వాటిని అటూ ఇటూ చెదరగొట్టి, తిప్పి, కాగితపు గరుకును (టెక్స్‌చర్) జోడిస్తే రాయో మట్టో చెట్టు బెరడో పుడుతుంది. పెన్ను నొక్కిన కొద్దీ మందం, చిక్కదనం మారతాయి. ఈ సెట్టింగులన్నీ క్రిటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. వందల బ్రష్‌ల ప్యాకులు డబ్బు పెట్టి కొనడం మొదట్లో శుద్ధ దండగ.

అసలు కష్టం ఎక్కడ గరుకు వేయాలో, ఎక్కడ ఆపాలో తెలియడంలో ఉంది. వనపర్తి జిల్లా పాన్‌గల్ పిల్లలకు ఆ పాఠం ఎదురుగానే ఉంది. పొద్దున ఏటవాలు ఎండలో ఖిల్లా గుట్ట మీది బండను చూడమనండి. వెలుగు నీడలోకి జారే అంచు దగ్గరే రాతి గరుకు స్పష్టంగా కనిపిస్తుంది. నిండు నీడలో దాదాపు మాయమవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు బండ మొత్తాన్నీ ఒకే గరుకు బ్రష్‌తో నింపేస్తారు. దాంతో రాయి గుండ్రదనం పోయి గోడకు అంటించిన కాగితంలా తేలుతుంది. ముందు వెలుగు, నీడ పెద్ద భాగాలుగా పెట్టాలి. పగుళ్లు, నాచు మరకలు చివర్లో, కొన్నిచోట్లే రావాలి.

గద్వాల చీర ఇంకా మంచి పరీక్ష. ఒళ్లు నూలు, అంచు పట్టు. నూలు మీద వెలుగు మెత్తగా పరుచుకుంటుంది. పట్టు, జరీ మీద మడతల వెంట సన్నగా, పదునుగా మెరుస్తుంది. రెండింటికీ ఒకే బ్రష్ వాడితే చీర చచ్చిపోతుంది. ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగ్‌లు (లోహపు పలక మీద గీసి అచ్చు తీసిన బొమ్మలు) చూడండి. గీతల అల్లికతోనే ఒంటి బిగువు, నేల గరుకు తెప్పించారాయన. అక్కడ సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు.

ఇక డబ్బు సంగతి. ఆరు నెలల కోర్సు, నూటికి నూరు శాతం ఉద్యోగం అని బోర్డు కడితే అనుమానించండి. చాలాచోట్ల నేర్పేది సాఫ్ట్‌వేర్ మెనూలే. ఫీజు ఒకేసారి కట్టించుకుంటారు, అప్పుకు కాగితాలూ వాళ్లే తెస్తారు. పొలం కుదువపెట్టి ఆ ఫీజు కట్టకండి. ఇంట్లో కంప్యూటర్ ఉంటే నాలుగైదు వేలలో దొరికే చిన్న పెన్ టాబ్లెట్ మొదటి రెండేళ్లకు చాలు. అదీ లేకపోతే పెన్సిలు, బొగ్గు, స్కెచ్ పుస్తకం చాలు. స్టూడియోలు కోర్సు సర్టిఫికెట్ కన్నా ముందు పోర్ట్‌ఫోలియో, అంటే వేసిన బొమ్మల సంకలనం, చూస్తాయి.

నన్నడిగితే, హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ వైపే మొగ్గుతాను. ఇంటర్ పాసవ్వాలి, ప్రవేశ పరీక్షా రాయాలి. ఆ పరీక్షలో చేత్తో గీయాల్సి ఉంటుంది కాబట్టి ఇప్పటి స్కెచింగ్ వృథా పోదు. పెయింటింగ్, అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ ఏది చదివినా చూపు పదునెక్కుతుంది. సినిమా వీఎఫ్‌ఎక్స్, గేములు, పుస్తకాల బొమ్మలు, వస్త్ర డిజైన్ అన్నింటికీ ఆ చూపే కావాలి.

మరో మాట కోపంగానే చెబుతున్నాను. తొమ్మిదో తరగతి పిల్లను కూర్చోబెట్టి “రోజుకో బొమ్మ వేసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టు, ఫాలోవర్లు పెరగాలి” అని వెంటపడటం, ఎప్‌సెట్ ర్యాంకు కోసం వెంటపడటం కన్నా ఏమాత్రం మేలు కాదు. ఒక్క బండనే వారం పాటు గీస్తానంటే గీయనివ్వండి.

ఏ సంస్థలోనైనా ఫీజు కట్టే ముందు అక్కడ కిందటేడు చదివిన ముగ్గురు పిల్లలతో మాట్లాడండి. వాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో అడగండి. వాళ్ల ఫోన్ నంబర్లు ఇవ్వడానికి సంస్థ వెనకాడితే అక్కడ చేర్పించకండి.